వెండి ముసుగుల సభ

స్ఫటికగిరి కోట మీద పొద్దుటి ఎండ పడితే అది కోటలా ఉండదు. కొండ మీద ఎవరో గుప్పెడు రత్నాలు ఒలకబోసినట్టు ఉంటుంది. ఏడు ప్రాకారాలు, ఒక్కో ప్రాకారం ఒక్కో రంగు స్ఫటికం. మొదటిది తేనె రంగు. రెండోది నెమలి కంఠం రంగు. ఏడోదానికి రంగే లేదు, దాని అవతల ఎగిరే పావురం ఇవతలికి కనిపిస్తుంది. బురుజుల మీద బంగారు గంటలు. గాలి వీస్తే ఊరంతా సన్నగా మోగుతుంది. కింద కింకిణి నది కోటను మొలతాడులా చుట్టుకుని పారుతుంది.

ఆ అందం చూడడానికి కోటలో ఎవరి కళ్ళూ ఖాళీగా లేవు. కాపలావాళ్ళ కళ్ళకు అద్దాలున్నాయి. సభలో పెద్దల కళ్ళకు ముసుగులున్నాయి. ఉత్త కళ్ళతో కొండెక్కుతున్నవాడు ఒక్కడే. అతను అందం చూడడానికి రాలేదు.

అతని పేరు బొల్లన. నేరేడు లంక పడవవాడు. ఆ రోజు మిట్టమధ్యాహ్నం రాజు ధవళకేతుడు ఒక ఆజ్ఞాపత్రం మీద ముద్ర వేస్తాడు. ముద్ర పడితే కోట మీద జేగంట మోగుతుంది. గంట మోగితే ఎగువన ఆనకట్ట తూములు లేస్తాయి. తూములు లేస్తే మూడు వందల గడపలున్న నేరేడు లంక రెండు గడియల్లో మునుగుతుంది. ఆ గడపల్లో ఒక దాని వెనక బొల్లన ఏడేళ్ళ కూతురు పైడి ఉంది, మంచం దిగలేని తల్లి ఉంది.

ఈ సంగతి అతనికి చెప్పింది కోటలో అంబలి మోసే పని వదిలి పారిపోయి వచ్చినవాడు. బొల్లన లంక పెద్దలకు చెప్పాడు. వాళ్ళు నమ్మలేదు. రాజు అంతటి పని చెయ్యడన్నారు. గంట మోగినప్పుడు చూద్దాంలే అన్నారు.

బొల్లన గడ భుజాన వేసుకుని నది దాటాడు.

కోట కింద సానరాళ్ళ వీధి. వీధి చివర చెన్నాంబ కొట్టు. ఎనభై ఏళ్ళ మనిషి. కోటలో కళ్ళకు కట్టిన ప్రతి అద్దానికీ, ప్రతి ముసుగుకూ మొదటి నమూనా ఆమె చేతిదే. రాజును గుప్పిట్లో పెట్టుకున్న మాంత్రికుడు కుహనాక్షుడు ఆమె దగ్గర పన్నెండేళ్ళు సాన తిప్పిన శిష్యుడే. ముసుగులకు కావలసిన స్ఫటికం కొండలో అయిపోయింది. ఇంకా ఉన్నది లంక కింద. లంక జనం కదలరు. అందుకని నీళ్ళు వదులుతున్నాడు. ఆ మాట చెన్నాంబ వాన వస్తుందని చెప్పినట్టు చెప్పింది.

తర్వాత రెండు వస్తువులు తెచ్చి ముందు పెట్టింది. ఒకటి తమలపాకంత పలచటి అద్దం. రెండోది గుమ్మడికాయంత వెండి ముసుగు.

"ఈ రెంటికీ తేడా తెలుసా?"

"తెలీదవ్వా."

"తెలీకుండా లోపలికి వెళితే తిరిగి రావు. అద్దం కంటికి పెట్టుకో. నా చెయ్యి చూడు."

చూశాడు. ముడతలు పడిన చెయ్యి అలాగే ఉంది. దాని మీద సన్నటి తెల్లగీతలతో లోపలి ఎముకలన్నీ గీసి ఉన్నాయి. ఆమె వేళ్ళు ముడిస్తే గీతలూ ముడుచుకున్నాయి.

"ఇది తోడద్దం. ఉన్నదాన్ని ఉండనిచ్చి, దానికి తోడు ఇంకొకటి చూపిస్తుంది. ఇప్పుడు ముసుగు పెట్టుకో."

పెట్టుకున్నాడు. కొట్టు లేదు. చెన్నాంబ లేదు. నడి వరదలో పడవ మీద ఉన్నాడు. తాటిచెట్టంత అల పక్క నుంచి లేచింది. బొల్లన ఒడుపుగా అవతలికి ఒరిగాడు, ఒరిగి పీట మీద నుంచి ధబీమని కింద పడ్డాడు. ముసుగు తీసి చూస్తే మోచెయ్యి చీరుకుపోయి ఉంది. కడుపులో తిప్పుతోంది. తల తిప్పినప్పుడల్లా ఆ లోకం రెప్పపాటు వెనకబడి తిరిగింది, అందుకు.

"పడవ లేదు, నది లేదు. పడింది మాత్రం నువ్వే" అంది చెన్నాంబ. "ఇది ఉన్నదాన్ని తీసేసి లేనిదాన్ని పెడుతుంది. ఆ వెనకబాటును రెప్పపాటుకు తగ్గించడానికి నాకు ఇరవయ్యేళ్ళు పట్టింది."

ఎందుకు చేశావీ పాడు వస్తువు అని బొల్లన అడిగాడు. ఆమెకు కోపం వచ్చింది. వైద్యులు ఎవరికీ నొప్పి పెట్టకుండా ఎముక కట్టడం నేర్చుకోవాలని చేశానంది. పడవవాళ్ళ పిల్లలు నీళ్ళలో దిగకుండానే వరదను నేర్చుకోవాలని చేశానంది. అద్దాన్ని ఇల్లు కట్టేవాళ్ళ కోసం చేసింది, ఖాళీ నేల మీద లేవబోయే గోడను ముందే చూసుకోవడానికి. పనికి చేసింది. పని అయ్యాక తీసి పక్కన పెట్టడానికి చేసింది. తీయనివ్వకుండా ఉంచడం శిష్యుడి ఘనత.

ఇంకో రెండు సంగతులు చెప్పింది. పెట్టుకున్నవాడి ముసుగు బయటివాడు లాగితే లోపలి స్ఫటికం పగిలి కళ్ళలో దిగుతుంది. ఎవరిది వారే, తమ చేతులతో తీసుకోవాలి. అయితే నలభై రోజులుగా పెట్టుకున్నవాడికి తన తల మీద ముసుగుందన్న సంగతే గుర్తుండదు. ఇది మొదటిది. రెండోది, చూపును మోసం చెయ్యగలిగింది, చెవిని చెయ్యగలిగింది, చర్మం మాత్రం ఆమెకు లొంగలేదు. శిష్యుడికీ లొంగలేదు.

చివరికి కాటుక తీసి బొల్లన నుదుటి మీద ఒక ముగ్గు గీసింది. మూడు నిలువు గీతలు, ఒక అడ్డగీత, నాలుగు చుక్కలు. అంబలి మోసేవాళ్ళ గుర్తు అది. కోట కాపలావాళ్ళు మొహాలు చూడడం మానేసి ఏడాదైంది. నుదుటి గుర్తును అద్దం చదువుతుంది, మనిషి తల మీద గాలిలో వాడెవడో రాసి చూపిస్తుంది, వాళ్ళు ఆ రాతను చూసి వదులుతారు.

బొల్లన గడను నాలుగు మూరలకు కోసి కావడి చేసుకున్నాడు. అటొక అంబలి కుండ, ఇటొక అంబలి కుండ. చెన్నాంబ కోట దారులన్నీ గీసిపెట్టిన తోడద్దం కంటికి తగిలించుకున్నాడు. మధ్యాహ్నానికి మూడు గడియలుంది.

మొదటి ద్వారం దగ్గర కాపలావాడు అతని మొహం చూడకుండా నుదురు చూశాడు. పొమ్మన్నాడు. రెండో ద్వారం, మూడో ద్వారం, నాలుగో ద్వారం అలాగే గడిచాయి. ఎండ పెరిగింది. కొండ నిటారుగా ఉంది. నుదుటి మీద చెమట పట్టింది. ఒక చుక్క జారి ముక్కు పక్కగా పోయింది. చేతిలో కావడి ఉంది, తుడుచుకునే వీలు లేదు. అడ్డగీత కరిగి కిందికి సాగింది.

అయిదో ద్వారం దగ్గర ఇరవై మంది ఉన్నారు. వాళ్ళ నాయకుడు బొల్లన వైపు చూసి అద్దం సర్దుకున్నాడు. మళ్ళీ చూశాడు. కత్తి మీద చెయ్యి వేశాడు. ఇక అయిపోయింది, కుండలు వాడి మొహాన కొట్టి దూకడమే అని బొల్లన కాళ్ళు కూడదీసుకున్నాడు.

నాయకుడు కత్తి తీసి నేలకు ఆనించి తల వంచాడు. ఇరవై మందీ వంచారు.

"సేనాపతిగారికి దండాలు" అన్నాడు నాయకుడు.

కరిగిన గీత అతనికి అంత పెద్ద పదవి ఇచ్చింది. వెనక వరసలో ఒక ముసలి కాపలావాడు పక్కవాడితో గొణిగాడు.

"సేనాపతిగారు అంబలి మోస్తున్నారేంట్రా?"

"పెద్దవాళ్ళ పనులు మనకెందుకు మామా. పైన ఏం రాసుంటే అది."

బొల్లన గొంతు మార్చి, అందరూ దిగువ గుర్రపుశాలకు పోయి పారలు పట్టుకుని పేడ ఎత్తమన్నాడు. నోటికి వచ్చిన మొదటి పని అది. వాళ్ళు వరసగా దిగిపోయారు. ముసలివాడు మాత్రం రెండుసార్లు వెనక్కి తిరిగి చూశాడు.

ఆరో ప్రాకారం లోపల చీకటి సొరంగం. అద్దంలో ఆకుపచ్చ గీతలతో మెట్లు మెరుస్తున్నాయి, ఒక్కో మెట్టూ స్పష్టంగా, పైన సభ దాకా. బొల్లన గబగబా ఎక్కాడు. పదిహేడో మెట్టు మీద కాలు పెట్టబోయి, పుట్టిన దగ్గర నుంచి ఉన్న అలవాటు కొద్దీ ముందు కావడి బద్దతో పొడిచి చూశాడు. బద్ద గాలిలోకి దిగింది. మనిషి ముందుకు తూలాడు. ఒక కుండ జారి పడింది. పది లెక్కపెట్టే దాకా అది పగిలిన చప్పుడు రాలేదు.

అద్దంలో మెట్టుంది. కొండలో మెట్టు లేదు. చెన్నాంబ దారులు గీసిన తర్వాత కుహనాక్షుడు మెట్లు తీయించాడు. ఆమె చూడనిది ఆమె అద్దం మాత్రం ఎలా చూస్తుంది.

బొల్లన అద్దం ఊడదీసి రొంటిన దోపుకున్నాడు. ఉత్త కళ్ళకు గోడ వారన బెత్తెడు అంచు కనిపించింది. మిగిలిన కుండ చంకన పెట్టి, వీపు రాతికి అదిమి, పక్క అడుగులు వేస్తూ దాటాడు. సగం దారిలో అంచు విరిగింది. బద్దను అవతలి గోడకు ఊతమిచ్చి, గట్టు మీదికి దూకే పడవవాడి దూకు దూకాడు. కుండలో అంబలి సగం పోయింది. మనిషి మిగిలాడు.

సభ తలుపు తోశాడు.

వెయ్యి స్తంభాలు. స్తంభానికో స్ఫటికపు చిలుక. పైకప్పు నిండా నీలం రాళ్ళు, వాటి మధ్య పగడపు పూలు. నేల అద్దంలా నున్నగా ఉంది. ఆ నేల మీద, దంతపు పీటల మీద, నలభై మంది రాజ్యపు పెద్దలు తలలకు వెండి ముసుగులతో కూర్చుని గాలిలోకి చేతులు ఊపుతున్నారు. ఒకడు లేని గుర్రం కళ్ళెం లాగుతున్నాడు. ఒకడు లేని పిల్లవాడి తల నిమురుతున్నాడు. మహామంత్రి నోట్లో పనివాడు అంబలి పోస్తుంటే, పనసతొనల పాయసం ఇవాళ మహా కుదిరిందోయ్ అని మెచ్చుకుంటున్నాడు. మీసాల మీద అంబలి ఎండి అట్టలు కట్టింది.

సింహాసనం మీద ధవళకేతుడు. నలభై రోజుల్లో సగమయ్యాడు. ముసుగు కింద గడ్డం ఒక్కటే కనిపిస్తోంది. అతని పక్కన కుహనాక్షుడు, పొడుగాటి మనిషి, తెల్లటి వేళ్ళు. ఒక చేతిలో ఆజ్ఞాపత్రం, ఒక చేతిలో కరిగిన లక్క. పైకప్పు కంతలోంచి పడిన ఎండ మధ్యాహ్నపు రాతికి జానెడు దూరంలో ఉంది.

రాజు దగ్గరికి పోతే భటులు నరుకుతారు. స్తంభం పక్కన ఒక పీట ఖాళీగా ఉంది, దాని మీద ఒక ముసుగు. రాజు చూస్తున్న లోకంలోనే అతనితో మాట్లాడదామని, బొల్లన అంబలి పోస్తున్నట్టు వంగి, ముసుగు తలకు తగిలించుకున్నాడు. బద్దను మాత్రం వదల్లేదు.

సభ మాయమైంది. ఎర్రటి ఆకాశం కింద కనుచూపు మేర నెర్రెలిచ్చిన నేల. ఎండిన పైరు. డొక్కలెండిన పశువులు. వందల మంది రైతులు రాజు పాదాల దగ్గర పడి నీళ్ళు నీళ్ళు అని ఏడుస్తున్నారు. రాజు కళ్ళలో నీళ్ళు. పక్కన కాషాయం కట్టిన ముని, కుహనాక్షుడి గొంతుతో, ముద్ర వెయ్యి నాయనా, నీ ప్రజల దప్పిక తీరుతుంది అంటున్నాడు.

బొల్లన ముందుకు రెండడుగులు వేశాడు. గల్లుగల్లుమంది. కిందికి చూసుకున్నాడు. కాళ్ళకు గజ్జెలు, చేతులకు గోరింటాకు, నడుముకు వడ్డాణం. ఆ ముసుగు ఆస్థాన నర్తకిది, రాజు చూసేదే దానికీ కనిపిస్తుంది.

"ఏం కావాలమ్మా?" అన్నాడు రాజు దయగా.

బొల్లన మొత్తం చెప్పాడు. ఈ నేల లేదని, ఈ రైతులు లేరని, ఉన్నది లంక అని, అది మునుగుతుందని. రాజు ఓపిగ్గా విన్నాడు. నర్తకి మీసాల మనిషి గొంతుతో మాట్లాడడం అతనికి వింతగా ఉన్నట్టుంది. ఎదురుగా ఏడుస్తున్న రైతులను చూపించి, వీళ్ళు కనిపించడం లేదా తల్లీ అని అడిగాడు. ఉంగరం ఉన్న చెయ్యి చాచాడు.

మాటలతో అయ్యేది కాదని తేలిపోయింది.

కింకిణి మీద ఒక కట్టుబాటు ఉంది. పడవవాడు గడ దించి లోతు అరుస్తాడు. మోకాలు, నడుము, మెడ, మునక. మునక అన్న కేక వినగానే పడవలో ఉన్నవాడు రాజైనా గొర్రెలకాపరైనా రెండు చేతులూ తల మీద పెట్టుకోవాలి. ఎవడూ అంచు పట్టుకుని వేలాడకుండా, పడవ ఒరగకుండా. ఆ రాజ్యంలో పిల్లలకు అక్షరాలకు ముందు నేర్పేది అదే. పడవవాడికి కూడా ఒక కట్టుబాటు ఉంది. లోతు అబద్ధం చెప్పినవాడు తన గడ తానే విరవాలి. మళ్ళీ పట్టకూడదు.

బొల్లన బద్దను ఎత్తి, కనిపించని సభ నేల మీద మూడుసార్లు కొట్టాడు. రాయి ఖణేల్మంది.

"మునక" అని అరిచాడు.

నలభై జతల చేతులు లేచాయి. రాజు చేతులూ లేచాయి. ఎండిన నేల మీద నిలబడి, నీటి బొట్టు లేని చోట, అలవాటుగా తల మీద పెట్టుకున్నాడు. వేళ్ళకు కిరీటపు రాళ్ళు తగలాలి. తగల్లేదు. నున్నగా, చల్లగా ఏదో తగిలింది. చెవి పక్కన ఒక పట్టీ. గడ్డం కింద ఎండి గట్టిపడిన అంబలి.

"నా కిరీటం ఏది?" అన్నాడు రాజు.

చేతులు దించండి ప్రభూ, ఎండకు అలా అనిపిస్తుంది అని ముని తొందరపడ్డాడు. రాజు దించలేదు. వేళ్ళతో వెతుక్కుంటూ పోయాడు. కొక్కెం దొరికింది.

బొల్లన తన ముసుగు ఊడదీసేసరికి రాజు కళ్ళ నీళ్ళతో ఎండను చూస్తున్నాడు. సభలో కొక్కేలు ఒకటి తర్వాత ఒకటి ఊడుతున్న చప్పుడు. మహామంత్రి తన ఒళ్ళో ఉన్న అంబలి ముంతను చూసి నోరు తెరిచాడు.

కుహనాక్షుడు పత్రం పారేశాడు. ఇక దానితో పని లేదు. మెరుపులా మేడ మీదికి దూకి, గంట కొట్టేవాణ్ణి నెట్టేసి, జేగంట మీద తానే మూడు దెబ్బలు వేశాడు. బొల్లన వెనకే ఉన్నాడు. ఉత్తరీయం కొన అందింది, మనిషి అందలేదు. మాంత్రికుడు కోట గోడకు వేలాడే తాడు పట్టుకుని జారి, కింద కట్టేసి ఉన్న గుర్రం ఎక్కి, ఆనకట్ట వైపు దూసుకుపోయాడు.

ఎగువన ఉరుము లాంటి చప్పుడు. తూములు లేస్తున్నాయి.

బొల్లన బద్దను మోకాలికి ఆనించి ఫెళ్ళున విరిచాడు. భటులు మేడ మీదికి మోసుకొచ్చిన రాజు ఎందుకని అడిగాడు. లోతు అబద్ధం చెప్పానన్నాడు బొల్లన. ముక్కలు కింద పడేశాడు.

మేడ మీద నుంచి అంతా కనిపిస్తోంది. ఆనకట్ట నీరు కోట కింద రెండు దారులయ్యే చోటుంది. ఎడమది లంకకు. కుడిదాన్ని ఒక కట్ట మూసింది. కట్ట వెనక రాజు ఉద్యానవనం, పాలరాతి హంసలు, గంధపు చెట్లు, ఆరు తరాల వాళ్ళు పెంచిన తోట.

"ఆ కట్టకు గండి కొడితే?" అన్నాడు రాజు.

"తోట పోతుంది. కోట నేలమాళిగలు పోతాయి. లంకకు సగం నీళ్ళు తగ్గుతాయి."

"కొట్టండి."

భటులు రాజునూ పెద్దలనూ కట్ట దగ్గరికి మోసుకొచ్చారు. గుర్రపుశాల నుంచి ఇరవై మంది పారలతో పరుగెత్తుకొచ్చారు. అద్దాలు తీసేశారు. సేనాపతిగారేరని నాయకుడు బొల్లననే అడిగాడు. ముసలి కాపలావాడు నవ్వి, ముందు తవ్వరా అన్నాడు. నిలబడలేని మంత్రులు కూర్చుని చేతులతో మట్టి లాగారు. మహామంత్రి అంబలి ముంతతో తోడాడు. కట్ట మొదట తడిసింది. తర్వాత కారింది. తర్వాత ఒక్కసారిగా తెగింది. ఎర్రనీళ్ళు హంసలను ఎత్తుకుపోయాయి.

లంక వైపు ఉరవడి సగం తగ్గింది. సగమే తగ్గింది. తూములు దించాలి. గంట విని ఎత్తిన కావలివాళ్ళు, దించాలంటే రాజు మొహం చూడాల్సిందే.

రాజు లేచి రెండడుగులు వేసి కూలబడ్డాడు. బొల్లన అతని ముందు వంగి వీపు చూపించాడు. రాజు ఎక్కలేదు.

"నీ ఇల్లు ఆ లంకలోనే కదా. ఇంట్లో ఎవరెవరున్నారు?"

"కూతురు. అమ్మ."

"భార్య?"

"నిరుడు మీ జలక్రీడ పండక్కి తూములెత్తారు. అప్పుడు పోయింది."

నిరుడు రాజు తల మీద ముసుగు లేదు.

"నన్ను క్షమిస్తావా?"

"క్షమించను. మోస్తాను. ఎక్కండి."

రాజు ఎక్కాడు. గండి నుంచి ఎగువకు ఆనకట్ట దాకా మూడు మూరల వెడల్పు కట్ట, అటూ ఇటూ సుడులు తిరిగే నీళ్ళు. బొల్లన పరుగెత్తాడు. కట్ట అంచులు కాళ్ళ కిందే జారుతున్నాయి. ఎదురుగా ఆనకట్ట మీద తెల్లటి వేళ్ళ మనిషి నిలబడి, విల్లు ఎక్కుపెడుతున్నాడు.

"నువ్వు కాళ్ళు చూసుకో. ముందున్నది నేను చెబుతాను" అన్నాడు రాజు. "బాణం. ఎడమకి."

బొల్లన ఎడమకి ఒరిగాడు. బాణం చెవి పక్క నుంచి పోయి నీళ్ళలో పడింది.

"లంక కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది."

"జనం?"

రాజు చెయ్యి అడ్డం పెట్టుకుని, మంటలెత్తే కళ్ళు చికిలించి చూశాడు. "గంట విన్నట్టున్నారు. పడవలెక్కుతున్నారు. ముందు పిల్లల్ని ఎక్కిస్తున్నారు. ఒక మంచాన్ని నలుగురు మోసుకొస్తున్నారు."

"ఎన్ని పడవలు కదిలాయి?"

"ఉండు, లెక్కపెడుతున్నాను" అన్నాడు రాజు. బొల్లన పరుగెడుతుంటే, అతని తల మీదుగా వంగి, పైకి లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఒకటి. రెండు. మూడు.